యూట్యూబ్‌లో నున్నగా, మన బల్ల మీద గరుకుగా: వార్‌గేమ్ బొమ్మల రంగులు హైదరాబాద్‌లో ఎందుకు తేడా కొడతాయి

టూకీగా

బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల్లో (వార్‌గేమింగ్) వాడే చిన్న బొమ్మలకు, అంటే మినియేచర్లకు, రంగులు వేయడం నేర్పే వీడియోలు ఎక్కువగా ఇంగ్లండ్, యూరప్, అమెరికాల నుంచి వస్తాయి. వాటిలో చెప్పే పాళ్లు అక్కడి గాలికి కుదిరినవి. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం రంగు ఆరే వేగం అక్కడి గదితో పోలిస్తే దాదాపు 5 రెట్లు, ఆగస్టు ముసురులో అయితే ఆ గదిలో వేగంలో దాదాపు సగమే. దీనికి తోడు బోరు నీళ్లు, విమానంలో రాని స్ప్రే డబ్బాలు, దిగుమతి సుంకం. "నా చెయ్యి ఇంకా తిరగలేదు" అని కొత్తవాళ్లు అనుకునే తప్పుల్లో చాలావరకు చేతివి కావు, గాలివి.

బొమ్మ అమ్ముతారు, రంగు అమ్మరు

ఈ ఆటల్లో వాడే సైనికుడు బొటనవేలి పై కణుపంత ఉంటాడు, సుమారు 28 నుంచి 32 మిల్లీమీటర్లు. మామూలు బొమ్మల షాపులో దొరికే సైనికుడికీ ఇతనికీ ఉన్న పెద్ద తేడా ఏంటంటే, ఇతను బూడిద రంగు ప్లాస్టిక్ ఫ్రేములో ముక్కలుగా వస్తాడు. కత్తిరించడం, అతికించడం, రంగులు వేయడం కొన్నవాళ్ల పని. ఆట ఆడేది నెలకి రెండు సార్లయితే, రంగులు వేసేది నెలంతా.

పాతకాలంలో ఇలా ఉండేది కాదు. 1893లో ఇంగ్లండ్‌లో విలియం బ్రిటన్ కంపెనీ లోపల బోలుగా ఉండే సీసం సైనికుల్ని పోతపోసి, రంగులు వేసి మరీ అమ్మింది. ఆ తరహా బొమ్మ సైనికుల సేన ఎలా ఉంటుందో చూడాలంటే మన సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగానికి వెళ్తే చాలు. 1975లో లండన్‌లో మొదలై తర్వాత నాటింగ్‌హామ్‌లో స్థిరపడ్డ గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1983లో వార్‌హామర్‌ని, 1987లో వార్‌హామర్ 40,000ని తెచ్చాక, రంగులేని బొమ్మని కొని సొంతంగా వేసుకోవడమే ఈ అభిరుచిలో సగం అయింది. ఆ కంపెనీ బొమ్మలతో పాటు రంగులు కూడా అమ్ముతుంది, ఎలా వేయాలో కూడా చెబుతుంది. నేర్పేవాళ్లలో చాలామంది ఉండేది నాటింగ్‌హామ్ లాంటి ఊళ్లలోనే, జులైలో కూడా పగటి ఎండ 21, 22 డిగ్రీలు దాటితే అబ్బో అనుకునే చోట్లలో. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

ఒకే సీసా, తొమ్మిది రెట్ల తేడా

వాడేది ఎక్కువగా అక్రిలిక్ రంగు. రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ లాంటి సన్నటి రేణువులు, నీళ్లు, అంతే. నీళ్లు ఆవిరైపోతుంటే ఆ రేణువులు దగ్గరకు జరిగి, ఒకదానికొకటి అంటుకుని పొరగా గట్టిపడతాయి. ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ నీళ్లు పోసినా కరగదు. కాబట్టి రంగు నున్నగా పరుచుకోవడానికి దొరికే టైమంతా ఆ నీళ్లు ఆవిరయ్యే లోపే.

గాలి ఇంకా ఎంత తేమ పీల్చుకోగలదు అన్నదాని మీద ఆవిరయ్యే వేగం ఆధారపడుతుంది. దీన్ని లెక్క కట్టొచ్చు. 20 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న ఇంగ్లండ్ గదిలో గాలికి ఉన్న ఆ దాహం సుమారు 0.94 కిలోపాస్కల్ (ఒత్తిడి కొలత). 39 డిగ్రీలు, 30 శాతం తేమ ఉన్న హైదరాబాద్ మే మధ్యాహ్నంలో అది 4.9. అంటే 5 రెట్లకు పైనే. అదే ఊళ్లో ఆగస్టులో 27 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న రోజున 0.53కి పడిపోతుంది. మేకీ ఆగస్టుకీ మధ్య తొమ్మిది రెట్ల తేడా, అదీ ఒకే గదిలో, ఒకే సీసాతో! కాబట్టి "హైదరాబాద్‌లో ఎన్ని చుక్కల నీళ్లు కలపాలి" అనే ప్రశ్నకి ఒక జవాబు ఉండదు, నెల పేరు చెబితేనే జవాబు. ఏసీ గదిలో 24 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే ఆ అంకె 1.5 దగ్గర ఆగుతుంది, వీడియోల్లో చెప్పే పాళ్లకు అది కాస్త దగ్గర. ఇక సీలింగ్ ఫ్యాన్ 5 మీద తిరుగుతుంటే ఈ లెక్కలన్నీ ఇంకా పైకి పోతాయి, ఎందుకంటే రంగు మీద నిలబడాల్సిన తడి గాలిని ఫ్యాన్ ఎప్పటికప్పుడు తోసేస్తుంది.

దీని ఫలితం బొమ్మ మీద ఎలా కనపడుతుంది? బ్రష్‌తో ఒక గీత వేసి, పక్కన రెండో గీత వేసేలోపు మొదటిది సగం ఆరి ఉంటుంది. సగం ఆరిన రంగు మీద బ్రష్ తగిలితే అది చీరుకుపోయి, అట్టలు కట్టి గరుకుగా మారుతుంది. దాన్ని కప్పడానికి ఇంకో పూత, ఆపైన ఇంకోటి. సుమారు 60 రెట్లు కుదించిన మనిషి బొమ్మ ఇది. దీని మీద 0.1 మిల్లీమీటరు మందం రంగు పడితే, నిజం మనిషి ముఖానికి 6 మిల్లీమీటర్ల ప్లాస్టరింగ్ చేసినట్టు. కళ్లు, పెదవులు, చొక్కా గుండీలు అందులో కలిసిపోతాయి.

నీళ్లు ఇంకా ఎక్కువ కలిపితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కొంతవరకే. నీళ్లు మరీ ఎక్కువైతే పట్టి ఉంచే రేణువులు ఒకదానికొకటి దూరమై, ఆరాక పొర బలంగా రాదు. సుద్ద రాసినట్టు ఉండి గోటితో గీకితే ఊడుతుంది. అందుకే కొంత నీళ్లు, కొంత మీడియం (రంగు పొడి లేని అక్రిలిక్ ద్రవం), ఎండాకాలంలో ఒక చుక్క రిటార్డర్. రిటార్డర్ అంటే నీళ్లని తొందరగా వదలని ద్రవం. మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ కూడా ఇదే పని చేస్తుంది గానీ మోతాదు మించితే చిక్కే: అది గాలిలోని తేమని లాక్కుంటుంది కాబట్టి, మేలో బాగానే ఆరిన బొమ్మ జులైలో చేతికి జిగురుగా తగలొచ్చు.

వీటన్నిటికంటే నమ్మకమైనది వెట్ ప్యాలెట్. పేరు పెద్దది, వస్తువు చిన్నది. ఒక మూత ఉన్న టిఫిన్ బాక్సు, అందులో తడిపిన స్పాంజ్ గుడ్డ, దాని మీద బేకింగ్ కాగితం. కాగితం గుండా కొద్దికొద్దిగా తడి పైకి వస్తూ రంగుని గంటల తరబడి ఆరనివ్వదు. మన దగ్గర బటర్ పేపర్ పేరుతో రెండు మూడు రకాలు అమ్ముతారు, మైనం పూసినది కొంటే ఇది పనిచేయదు, తడి దాని గుండా రాదు. వానాకాలంలో ఇంకో తలనొప్పి, రెండు మూడు రోజులకే లోపల బూజు వాసన. రోజూ నీళ్లు మార్చడం, స్పాంజ్ కింద చిన్న రాగి తీగ ముక్క వేయడం, వాడనప్పుడు బాక్సు ఫ్రిజ్‌లో పెట్టడం (ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే) దీనికి విరుగుడు.

బ్రష్ సంగతి కూడా ఇక్కడే. బొమ్మ చిన్నది కాబట్టి వెంట్రుకంత బ్రష్ కొంటారు చాలామంది. తీరా ఆ మొనలో పట్టే రంగు ఎంత? పొడి గాలిలో ప్యాలెట్ నుంచి బొమ్మ దాకా వచ్చేలోపే ఆరిపోతుంది. పొట్ట కాస్త లావుగా, మొన సూదిలా ఉండే 1 లేదా 2 సైజు బ్రష్ పొట్టలో తడి నిలుస్తుంది కాబట్టి కళ్లు దిద్దడానికి కూడా అదే మేలు. వీడియోల్లో మెచ్చుకునే కొలిన్‌స్కీ బ్రష్‌లు సైబీరియన్ వీజిల్ తోక వెంట్రుకలతో చేసేవి. ఆ జంతువు భారత్ కోరిక మీద అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం మూడో అనుబంధంలో ఉంది, అందుకే సరిహద్దుల దగ్గర పత్రాలు అడుగుతారు. వాటికి బదులు తక్కువలో వస్తున్నాయని ముంగిస వెంట్రుకల బ్రష్‌లు కొనడం మాత్రం చట్టవిరుద్ధం, ముంగిస 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు. మంచి సింథటిక్ చాలు. మొన తొందరగా వంకర పోతుంది, కానీ ధర తక్కువ కాబట్టి మార్చుకోవచ్చు.

ప్రైమర్ దగ్గరే సగం పని చెడుతుంది

నేరుగా ప్లాస్టిక్ మీద అక్రిలిక్ నిలవదు, కింద పట్టు కావాలి. ఇది తెలుగువాళ్లకు కొత్త విషయమేం కాదు. చేర్యాల నకాషీ కళాకారులు ఖాదీ గుడ్డ మీద నేరుగా బొమ్మ వేయరు, గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి మూడు పూతలు పూస్తారు, ఒక్కోటీ ఆరాకే తర్వాతిది. కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర ముక్కల్ని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి, అప్పుడు రంగులకు దిగుతారు. మినియేచర్ల లోకంలో ఆ మక్కు పని ఎపాక్సీ పుట్టీ చేస్తుంది, సున్నం పని ప్రైమర్ చేస్తుంది.

వాళ్ల పూతకీ వీళ్ల పూతకీ తేడా స్ప్రేలో ఉంది. స్ప్రే డబ్బాలో రంగు నీళ్లలో కాదు, తొందరగా ఆవిరయ్యే ద్రావకంలో ఉంటుంది. బొమ్మ మీద పడేటప్పుడు చినుకు ఇంకా తడిగా ఉండాలి, పడ్డాక పరుచుకోవాలి, అప్పుడు ఆరాలి. మే నెల పన్నెండింటికి డాబా మీద కొడితే చినుకు గాల్లోనే ఆరి, బొమ్మ మీద దుమ్ములా రాలుతుంది. చేత్తో తడిమితే ఇసుక కాగితంలా ఉంటుంది. పైన ఎంత మంచి రంగు వేసినా ఆ గరుకు పోదు. ఎండలో వదిలేసిన డబ్బాతో ఇంకో ప్రమాదం, 50 డిగ్రీలు దాటనివ్వొద్దని దాని మీదే రాసి ఉంటుంది, ఎండకు కాలిన డాబా గచ్చు మీద ఆ వేడి రావడం పెద్ద విశేషం కాదు.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. ద్రావకం ఆవిరవుతూ బొమ్మ పైభాగాన్ని ఒక్కసారిగా చల్లబరుస్తుంది. గాలి నిండా తేమ ఉంటే ఆ చల్లటి పొర మీద, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు, సన్నటి చెమ్మ పడుతుంది. అది ఆరుతున్న పూతలో ఇరుక్కుని తెల్లటి పొగలా మిగిలిపోతుంది. లక్కర్ పాలిష్ వేసే వడ్రంగులు ముసురు రోజుల్లో పని ఆపేది ఇందుకే. వినాయక చవితి ముందు ధూల్‌పేటలో విగ్రహాలకు కంప్రెసర్‌తో రంగులు కొట్టేది కూడా సరిగ్గా ఈ నెలల్లోనే, పైన టార్పాలిన్లు కట్టుకుని వాళ్లు తంటాలు పడేదీ ఈ తేమతోనే. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కొన్నవాళ్లకి కూడా ఇది తప్పదు: కంప్రెసర్ గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ నీళ్లుగా మారి గొట్టంలోకి వస్తుంది, ఆ నీళ్లని పట్టి ఆపే మాయిశ్చర్ ట్రాప్ లేకపోతే రంగు మధ్యలో నీటి చుక్క ఉమ్ముతుంది.

ఇక అసలు ఈ డబ్బాలు దొరకడమే ఒక సమస్య. ఏరోసోల్ డబ్బాల్ని అంతర్జాతీయ తపాలాలో పంపనివ్వరు, విమాన కార్గోలో రావాలంటే ప్రమాదకర సరుకుగా ప్రకటించి ప్రత్యేక ప్యాకింగ్ చేయాలి. అందుకే బొమ్మ బయటి నుంచి వచ్చినా ప్రైమర్ ఇక్కడే వెతుక్కోవాలి. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో, బండి టచప్ సామాను అమ్మే చోట దొరికే ఆటోమొబైల్ ప్రైమర్ వైపు చాలామంది వెళ్తారు. అక్కడ రెండు చూసుకోవాలి. ఒకటి, కారు గీతల్ని పూడ్చడానికే చేసిన మందపాటి ప్రైమర్ బొమ్మ ముఖంలోని గీతల్ని కూడా అంతే శ్రద్ధగా పూడ్చేస్తుంది. రెండు, అందులోని ఘాటైన ద్రావకం లోహపు బొమ్మని, బాగా గట్టిపడ్డ రెజిన్‌ని (ద్రవంగా ఉండి తర్వాత గట్టిపడే ప్లాస్టిక్) ఏమీ చేయదు గానీ, పాలీస్టైరీన్ ప్లాస్టిక్ మీద దగ్గరగా, తడిగా కొడితే పైపొరని మెత్తబరుస్తుంది. థర్మోకోల్‌తో చేసిన కొండ మీద కొడితే కొండే కరిగిపోతుంది. బ్రష్‌తో పూసే నీటి ప్రైమర్ నిదానం, కానీ తపాలాలో వస్తుంది, వాతావరణంతో ఇంత పేచీ పెట్టదు.

స్ప్రేకి పనికొచ్చే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి, మిగతా రోజుల్లో వాన లేని పూట, మేలో అయితే పొద్దున్నే ఏడు లోపు. ఎండాకాలంలో ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టుకున్నట్టు, చలికాలంలో ఏడాది బొమ్మలన్నిటికీ ప్రైమర్ కొట్టి డబ్బాల్లో దాచుకోవడం ఇక్కడి పద్ధతికి సరిగ్గా సరిపోతుంది. ప్రైమర్ పడ్డ బొమ్మ నెలల తరబడి అలాగే ఉంటుంది, దుమ్ము పట్టకపోతే చాలు.

నీడని రంగుతో ఎందుకు వేయాలి

28 మిల్లీమీటర్ల బొమ్మకి ఒకే రంగు నీటుగా వేసినా బల్ల మీద పెడితే ముద్దలా కనపడుతుంది. నిజం మనిషి చొక్కా మడతలో పడే నీడ అడుగు దూరం నుంచి స్పష్టంగా కనపడుతుంది. బొమ్మ మీది మడత లోతు మిల్లీమీటరు కూడా ఉండదు, ట్యూబ్‌లైట్ కింద దానికి నీడే పడదు. అందుకే లేని నీడని రంగుతో పెట్టాలి. పలచటి ముదురు వాష్ గుంటల్లోకి జారుతుంది, దాదాపు ఆరిన బ్రష్‌తో లేత రంగుని పైపైన రుద్దితే అంచులకే అంటుతుంది. 2019లో గేమ్స్ వర్క్‌షాప్ తన సిటడెల్ బ్రాండ్ కింద తెచ్చిన కాంట్రాస్ట్ రంగులు బేస్ కోట్, వాష్ రెండింటినీ ఒకే సీసాలో కలిపే ప్రయత్నం. రంగు పొడి తక్కువ, మీడియం ఎక్కువ, లేత ప్రైమర్ మీద వేస్తే గుంటల్లో చిక్కగా, ఎత్తుల మీద పలచగా నిలుస్తుంది.

డ్రై బ్రష్‌కి హైదరాబాద్ ఎండ వరం, రంగు ఎలాగూ ఆరేదే కావాలి. వాష్‌కి మాత్రం శత్రువు. నేల మీద కాఫీ చుక్క పడి ఆరితే అంచున ముదురు గీత మిగులుతుంది కదా, అక్కడ జరిగేదే ఇక్కడా: అంచు దగ్గర నీళ్లు ముందు ఆవిరవుతాయి, మధ్యలో ఉన్న ద్రవం రంగు పొడిని మోసుకుంటూ అంచుకి పరుగెడుతుంది. చదునైన డాలు మీదో, అంగీ మీదో చారలు పడేది అందుకే. అలాంటి చోట్ల వాష్‌ని బొమ్మంతా పోయకుండా ఒక భాగం పూర్తి చేసి ఇంకోటి మొదలుపెట్టడం, గుంటల్లో మాత్రమే పెట్టడం, ఫ్యాన్ ఆపడం పనిచేస్తాయి. ఇంకో దారి ఆయిల్ రంగు. అది నీళ్లు పోయి ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని నిదానంగా గట్టిపడుతుంది. పలచన చేయడానికి కలిపిన టర్పెంటైన్ తొందరగానే పోయినా, రంగు మాత్రం దిద్దుకోవడానికి గంటలకొద్దీ టైమిస్తుంది. వాసన భరించాలి, కిటికీ తెరవాలి, కింద అక్రిలిక్ పూర్తిగా ఆరి ఉండాలి.

నీళ్ల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. బోరు నీళ్లలో ఉన్న ఖనిజాలు వాష్ ఆరాక ముదురు రంగుల మీద తెల్ల చుక్కలుగా తేలతాయి, గీజర్ లోపల, బకెట్ అంచున కట్టే తెల్ల పొర లాంటిదే. ఆర్‌ఓ నీళ్లు నయం, ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ ఇంకా నయం. ఒక డబ్బా కొంటే రంగులకి ఏడాది వస్తుంది.

దేశీ రంగులు, సుంకాలు, ప్రింటర్లు

అబిడ్స్, కోఠీ వైపు స్టేషనరీ షాపుల్లో దొరికే ఫెవిక్రిల్, క్యామ్లిన్ అక్రిలిక్‌లు పనికిరావా అన్నది తరచూ వినపడే ప్రశ్న. పనికొస్తాయి, ఎక్కడ వాడాలో తెలిస్తే. గుడ్డకీ, కాన్వాస్‌కీ, హస్తకళలకీ చేసే రంగు చిక్కగా ఉంటుంది. వాటికి అదే కావాలి. మినియేచర్ల కోసమే చేసే వాలెహో, ఆర్మీ పెయింటర్, సిటడెల్ లాంటి బ్రాండ్ల రంగుల్ని పలచటి పూతలోనే కప్పేసేలా రంగు పొడిని బాగా మెత్తగా నూరి చేస్తారు. అందుకని కొండలు, గోడలు, బొమ్మ కింది బేస్, నలుపు, మట్టి రంగులు దేశీవి, ముఖాలు, ఎరుపు, పసుపు, లోహపు రంగులు బయటివి అని పంచుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది.

ఖర్చు ఎందుకు ఇంత పెద్ద మాటైందంటే, ఆటబొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కూడా తప్పనిసరైంది. ఇవి చవక, నాసిరకం బొమ్మల్ని ఆపడానికి, దేశంలో తయారీని పెంచడానికి తెచ్చినవి. పెద్దవాళ్లు నెలల తరబడి రంగులు వేసే మినియేచర్ ఆ గాటన పడటం వింతే గానీ, పెట్టె మీద 12 ఏళ్లు పైబడినవారికి అని ఉన్న వస్తువు 14 ఏళ్ల నిబంధన దగ్గర ఎటు వస్తుందన్న సందిగ్ధం సహజం.

దీని ప్రభావం 3డి ప్రింటర్ల మీద కనపడుతుంది. రెజిన్ ప్రింటర్ ఇంట్లో ఉంటే బొమ్మ పడవెక్కి రావాల్సిన పని లేదు, ఫైల్ కొని ప్రింట్ చేసుకోవచ్చు. అయితే ఇంకొకరి డిజైన్‌ని అడక్కుండా కాపీ కొట్టడం వేరే సంగతి, అది హక్కుల ఉల్లంఘనే. రెజిన్ చల్లగా ఉంటే చిక్కబడి ప్రింట్లు చెడతాయి, చలి దేశాల్లో దానికి హీటర్లు పెట్టుకుంటారు. ఇక్కడ ఆ ఖర్చు లేదు, ఎండ పనికొచ్చే అరుదైన చోటు ఇది. కానీ రంగు విషయంలో కొత్త మెలిక: గట్టిపడని రెజిన్ పలచటి పొరగా బొమ్మ మీద మిగిలితే ప్రైమర్ అంటదు, అంటినా జిగురుగా ఉండిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు యూవీ కింద పెట్టాలి. గ్లౌజులు తప్పనిసరి, ఈ రెజిన్ చర్మానికి పడదు. ఆ కడిగిన ద్రవాన్ని సింకులో పోయకూడదు.

చివరి పూత

ఆటలో బొమ్మని వందసార్లు ముట్టుకుంటారు, చెమట చేతులతో. అందుకని పైన వార్నిష్ వేస్తారు, మెరుపు లేని మ్యాట్ రకం ఎక్కువగా. అందులో కాంతిని చెదరగొట్టే సన్నటి పొడి ఉంటుంది. డబ్బా బాగా ఊపకపోయినా, మందంగా పడినా, ముసురు రోజున కొట్టినా ఆ పొడి, చెమ్మ కలిసి బొమ్మ మీద మంచు కురిసినట్టు తెల్లబడుతుంది. మూడు వారాల పని అర నిమిషంలో పోయినట్టే అనిపిస్తుంది గానీ చాలాసార్లు పోదు. పొర ఆరాక పైన మెరుపునిచ్చే గ్లాసీ వార్నిష్ ఒక పూత బ్రష్‌తో వేస్తే, కాంతిని చెదరగొడుతున్న సందులు నిండి కింది రంగు మళ్లీ కనపడుతుంది. ఆ మెరుపు అక్కర్లేకపోతే పొడి వాతావరణం వచ్చాక మళ్లీ మ్యాట్ కొట్టుకోవచ్చు. వానాకాలం మధ్యలో ఆట ఉండి, వార్నిష్ వేయక తప్పదంటే స్ప్రే పక్కనపెట్టి నీటి వార్నిష్‌ని బ్రష్‌తో రెండు పలచటి పూతలు, మధ్యలో ఒక రాత్రి విరామం ఇచ్చి వేయడమే దారి.